తిండిగింజల ఇంధనం: లెక్కకు రాని ఖర్చు

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ముడిచమురు దిగుమతుల భారాన్ని తగ్గించే ప్రయత్నం ఆహ్వానించదగినదే. అయితే ఈ ఇథనాల్‌లో పెద్ద వాటా ఇప్పుడు చెరకుది కాదు, మొక్కజొన్న, బియ్యం, నూకలది. ఈ సంగతిపై జరగవలసినంత చర్చ జరగలేదు.

చెరకు రసంలో చక్కెర సిద్ధంగా ఉంటుంది. ఈస్ట్ చేర్చితే పులుస్తుంది. గింజలో ఉన్నది పిండిపదార్థం. గింజను మరపట్టి, నీటిలో కలిపి, ఎంజైములు చేర్చి ఉడికించి ముందుగా చక్కెరగా మార్చాలి. ఆ తరువాత రెండు మూడు రోజులు పులియబెట్టి బట్టీ పడితే సుమారు 95 శాతం ఆల్కహాలు వస్తుంది. మిగిలిన కాస్త నీటిని కూడా తొలగించిన తరువాతే దానిని పెట్రోలులో కలుపుతారు. టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మిగిలే పిప్పిలో మాంసకృత్తులు పుష్కలం కనుక అది దాణాకు పోతుంది. గింజ యావత్తూ వృథా కావడం లేదన్న పరిశ్రమ వాదనలో నిజం లేకపోలేదు.

చిక్కు వేరేచోట ఉన్నది. బియ్యం ధరలు పెరగడంతో 2023 జూలైలో డిస్టిలరీలకు భారత ఆహార సంస్థ బియ్యం సరఫరా నిలిచిపోయింది. పరిశ్రమ మొక్కజొన్న మీద పడింది. మొక్కజొన్నను ఎగుమతి చేస్తూ వచ్చిన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి దిగుమతి చేసుకోవలసి వచ్చింది. చమురు దిగుమతిని తగ్గించబోయి గింజల దిగుమతికి తలుపు తీయడం విచిత్రమే. మొక్కజొన్న రైతుకు గిరాకీ పెరిగిన మాట వాస్తవం. అదే గింజ మీద ఆధారపడిన తెలుగు రాష్ట్రాల కోళ్ల రైతుకు మాత్రం దాణా ఖర్చు పెరిగింది.

గిడ్డంగులు నిండిపోవడంతో బియ్యం సరఫరాను 2024లో మళ్లీ అనుమతించారు. 2025 జనవరిలో క్వింటాలు ధరను రూ. 2,800 నుంచి రూ. 2,250కి తగ్గించారు. ఆ క్వింటాలును సేకరించి నిల్వచేయడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు రూ. 4,000కు దగ్గరగా ఉంటుంది. ఈ తేడాను భరించేది ఖజానా. విదేశీ మారక ద్రవ్యం ఆదా అయిందని చెప్పే లెక్కలలో ఈ పద్దు కనిపించదు. వరి పొలం తాగిన నీరు అసలే కనిపించదు.

నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ కర్మాగారానికి వ్యతిరేకంగా 2024 నవంబరులో గ్రామస్తులు రోడ్డెక్కగా అధికారులు పనులు నిలిపివేయించారు. నీరు, కాలుష్యం గురించిన వారి భయాలను అభివృద్ధి వ్యతిరేకతగా కొట్టివేయడం సులభం, న్యాయం కాదు.

2018 నాటి జీవ ఇంధన విధానం తినడానికి పనికిరాని ధాన్యానికీ, మిగులు ధాన్యానికీ చోటిచ్చింది. ‘మిగులు’ అంటే ఎన్ని టన్నులో, ఏ ధరకో పంట చేతికి వచ్చిన వెంటనే ఏటా పార్లమెంటు ముందుంచాలి. రేషన్ అవసరాలు, దాణా అవసరాలు తీసివేసిన తరువాతే డిస్టిలరీల వాటాను ఖరారు చేయాలి.