కాశీ మజిలీల్లో దారి తప్పకుండా

మన ఒడుగత్తూరువారు ఈనాడు కాశీకి పోవాలంటే వేలూరు మీదుగా కాట్పాడి చేరి రైలెక్కుతారు. కాలినడక రోజుల్లో పొద్దుగూకిన చోటల్లా ఆగవలసిందే. ఆ ఆగినచోటే మజిలీ. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీ మజిలీ కథలు’ అటువంటి ప్రయాణమే. మొత్తం 12 భాగాలు. రాజకుమారులూ మాంత్రికులూ గంధర్వులూ కిక్కిరిసి ఉంటారు. ఎవరెవరో తెలియక నడుమనే పుస్తకం మూసేసేవారికోసం ఈ నెల ముచ్చట.

ముందు పెద్ద దారి చూద్దాం. మణిసిద్ధుడు కాశీకి బయలుదేరుతూ ఒక గోపబాలుణ్ణి తోడు రమ్మంటాడు. దారిలో కథలు చెబితేనే వస్తానంటాడు పిల్లవాడు. అతడు మజిలీలో చూసిన వింతను గురించి అడగడం, మణిసిద్ధుడు తన మణి మహిమవల్ల ఆ కథ తెలుసుకొని చెప్పడం. పుస్తకమంతా ఈ దూలంమీదే నిలిచింది.

చిక్కంతా లోపలి గదుల్లో. కథలో ఒకడు ఎదురై తన వృత్తాంతం చెబుతాడు. అందులో మరొకరు తమ గోడు అందుకుంటారు. బేతాళ కథలైతే ఒక్కొక్కటీ ముగియగానే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఇక్కడ ఒకే కథ కొన్ని మజిలీల పొడుగునా సాగవచ్చు. అందుచేత పేర్లన్నీ బట్టీపట్టకండి. ఎవరు ఎవరితో చెబుతున్నారో అది పట్టుకోండి. ఒక చీటీమీద చెప్పేవారి పేరు రాసి, వారి మాట ముగియగానే కొట్టివేయండి. పైన మిగిలినవారిది కథ.

12 భాగాలూ వరుసగానే చదవాలని నియమం లేదు. మొదటి భాగంలో ప్రయాణం మొదలైన తీరు చూసుకొని, నచ్చిన కథ పట్టుకోవచ్చు. కాని మజిలీ మొదటినుంచి కాదు, కథ మొదటినుంచి.

2006 నాటి చట్టంతో మన రాష్ట్రపు బడుల్లో పదో తరగతిదాకా తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికే తెలుసు, కంటికి తెలియదు. పైగా ఇది గ్రాంథికం. పెద్దలే బిగ్గరగా చదివి, ‘అతండిట్లనియె’ అన్నచోట ‘అతడు ఇట్లా అన్నాడు’ అని విడగొట్టి చెప్పాలి. 1951లో తెలుగులోనూ తమిళంలోనూ వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రానికి ఈ మజిలీల్లోని కథే కొంత ఆధారమని చెబితే పిల్లలు దగ్గరికి జరుగుతారు.

రాత్రి భోజనాలయ్యాక ఒక మజిలీ చాలు. చీటీ రాసే పని పిల్లలకే ఒప్పగించండి. అక్షరాలు రాకుంటే తమిళంలోనే రాసుకోనివ్వండి. పేర్లు నోటికి పట్టుబడ్డాక, అవే పేర్లు తెలుగులో దిద్దించడం తేలిక.