ఇల్లు చిన్నదైతే వాకిలి ఎక్కడ?

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన నందమూరి తారక రామారావు ఆ తర్వాతి తొమ్మిది నెలల్లో ఎన్నికల ప్రచారం చేస్తూ చాలా రోజులు గడిపింది ఒక పాత షెవ్రొలె వ్యానులో. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. స్టీరింగు దగ్గర కొడుకు హరికృష్ణ. పైన నిలబడి మాట్లాడేందుకు వేదిక, లోపల నడుం వాల్చేందుకు కాస్త చోటు. స్నానం, భోజనం, విశ్రాంతి అన్నీ రోడ్డు పక్కనే. నిమ్మకూరులో పుట్టి, బెజవాడ ఎస్సారార్ కాలేజీలో చదివి, వెండితెర మీద దేవుడిగా పూజలందుకున్న మనిషి కాళ్లు చాపుకుంటే అయిపోయేంత చోట్లో కాపురం పెట్టినట్టే లెక్క.

అయినా ఆ బండి ఇరుకనిపించలేదంటే కారణం ఒకటే. ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి నుయ్యి, ఆ ఊరి చెట్టు నీడ, ఆ ఊరి అన్నం ఆయనవే. ఇల్లు చక్రాల మీద ఉంటే వాకిలి రాష్ట్రమంతా పరుచుకుంది.

మోటారు ఇళ్లలో బతికే అమెరికన్ల కథ కూడా ఇంచుమించు ఇంతే. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అద్దెలు కట్టలేక వ్యాన్లలోకి మారిన పెద్ద వయసువాళ్ల గురించి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌లాండ్’ రాశారు. దాని ఆధారంగా తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. పెద్ద బండి అమ్మేసి చిన్న బండిలోకి మారేవాళ్లు ముందు బట్టలు, గిన్నెలు తగ్గిస్తారు. అసలు ఇబ్బంది తర్వాత తెలుస్తుంది. నీళ్ల ట్యాంకు త్వరగా అయిపోతుంది. రాత్రి మంచమయ్యే బల్లే పగలు భోజనాల బల్ల కాబట్టి ఒకరు పడుకుంటే ఇంకొకరికి కూర్చునే చోటుండదు. అందుకే వాళ్ల పగలంతా లైబ్రరీలోనో, పార్కులోనో, బట్టలుతికే దుకాణంలోనో గడుస్తుంది. బండి పడకగది, మిగతా గదులన్నీ ఊళ్లో ఉంటాయి.

ఈ లెక్క విజయవాడకు అచ్చంగా సరిపోతుంది. గవర్నర్‌పేటలో ఒకప్పటి సొంత ఇళ్లు చాలావరకు దుకాణాలు, లాడ్జీలు అయిపోయాయి. మిగిలిన పాత మేడ బిల్డరు చేతికి వెళ్తే యజమానికి దక్కేది రెండో మూడో ఫ్లాట్లు. గుడివాడ, ఉయ్యూరు, పామర్రు వైపు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చేవాళ్లు రెండు పడక గదుల్లో అద్దెకు దిగుతున్నారు. పిల్లలు అమెరికా వెళ్లిపోయాక ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంటికి తాళం వేసి పటమటకో, కానూరుకో వస్తున్నారు.

మండువా లోగిలి నుంచి వచ్చిన ఇల్లాలు ఫ్లాటు వంటగదిలో మొదట వెతికేది జాడీలకు చోటు. ఆవకాయ జాడీకి ఎండ తగలకూడదు, తడి చెయ్యి తగలకూడదు. గట్టు మీద పెడదామంటే గ్యాసు పొయ్యి, మిక్సీ. నేల మీద పెడితే కాళ్లకు అడ్డం. అటక లేదు. చివరికి వాసెన కట్టిన జాడీ మంచం కిందకు చేరుతుంది, దాని పక్కనే బియ్యం బస్తా. ఇత్తడి గుండిగలు, పందిరి మంచం, తిరగలి ఊళ్లోనే ఉండిపోతాయి, లేదా పాతసామాను బండి ఎక్కుతాయి.

వీటికి మనుషులు సర్దుకుంటారు. గవర్నర్‌పేటలో అయితే మరీ తేలిక, ఎందుకంటే ఊరే సగం ఇల్లు. బట్టలకు, చెప్పులకు, స్టీలు సామానుకు బీసెంట్ రోడ్డు ఉంది. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు ఉన్నప్పుడు ఇంట్లో బీరువా నింపక్కర్లేదు. పొద్దున్న వంట చేయబుద్ధి కాకపోతే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ. రైల్వే స్టేషనుకు ఆటో ఎక్కితే నిమిషాల పని. చిన్న ఫ్లాటుకు అంత ధర పలకడంలో న్యాయం ఇక్కడుంది.

సర్దుకోలేనిది వేసవి రాత్రికి. నలభై డిగ్రీలు దాటిన రోజున సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, వేడి దిగాక నవ్వారు మంచాలు వేసుకుని పడుకున్న ఊరు ఇది. వడియాలు పెట్టింది, మిరపకాయలు ఎండబోసింది, పెళ్లి సంబంధాల గురించి గుసగుసలాడింది ఆ డాబా మీదే. ఇప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో ఆఖరి మెట్టు దగ్గర తాళం కనిపిస్తుంది. ట్యాంకుల భద్రత అంటారు, పిల్లలు పడిపోతారంటారు. పిట్టగోడ ఎత్తు పెంచి, ట్యాంకు మూతలకు తాళాలు వేస్తే తీరే భయాలివి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం డాబాలను, ఉమ్మడి సామాను గదులను కూడా అందరి ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది. అంటే మంచం కిందకు చేరిన జాడీకి, ఊళ్లో వదిలేసిన నవ్వారు మంచానికి చట్టంలో చోటుంది, కట్టిన భవనాల్లోనే లేదు. ఫ్లాటు కొనేటప్పుడు కారు పార్కింగు గురించి పదిసార్లు అడిగేవాళ్లు డాబా తాళంచెవి గురించి ఒక్కసారైనా అడగాలి.

ఈ ఫ్లాట్ల కథంతా కావాలని తగ్గించుకున్నవాళ్ల సంగతి. తప్పక తగ్గినవాళ్ల సంగతి ఇంకా బరువైనది.

పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు మూడు కొలతల్లో వచ్చాయి: 300, 365, 430 చదరపు అడుగులు. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల స్థలాల పంపిణీలో పట్టణ పేదలకు ఇచ్చింది ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర. ప్రభుత్వాలు మారినప్పుడల్లా సెంటా, రెండు సెంట్లా అన్న దగ్గరే వాదన ఆగిపోతోంది. సెంటు తక్కువే, పెంచాల్సిందే. కానీ కాలువ గట్టు మీద గుడిసెలో ఉన్నప్పుడు ఆ కుటుంబానికి గట్టే వాకిలి, పని చేసే దుకాణం నడక దూరం. ఊరి చివర మూడో అంతస్తులో పక్కా గది ఇచ్చి, పనికి రెండు బస్సులు మారి వెళ్లమంటే గోడలు గట్టిపడ్డాయి గానీ బతుకు ఇరుకైంది. కూరగాయల తోపుడు బండి మెట్లెక్కదు. దాన్ని కింద ఎక్కడ పెట్టుకోవాలో ప్లానులో ఉండదు.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు చిన్న ఇంటికున్న ఇంకో కష్టం బయటపడింది. సింగ్‌నగర్, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పెద్ద ఇంట్లో నీళ్లొస్తే సామాను ఇంకో గదికో, మేడ మీదకో మారుతుంది. కింది అంతస్తులో ఒకే గదిలో బియ్యం, పరుపు, ఫ్రిజ్, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, ఒకేసారి మునుగుతాయి.

ఇళ్లు చిన్నవవుతున్న కాలంలో ఊరి ఉమ్మడి చోట్లు పెరగాలి. ఇక్కడ ఉన్నవి కూడా తగ్గుతున్నాయి. ఏళ్ల తరబడి జనవరి పుస్తకాల పండుగ జరిగిన స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహం ఊరికి గౌరవం, అందులో రెండో మాట లేదు. ఊరి నడిబొడ్డున అంత ఖాళీ చోటు ఇంకొకటి ఏర్పాటు చేయకపోవడమే లోటు. పుస్తకాల పండుగ 2025లో ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. సాయంత్రం పూట ఊరికే వచ్చి కూర్చునే ముసలివాళ్లకు, బంతి పట్టుకుని వచ్చే పిల్లలకు స్టేడియం మైదానం కాదు.

నగరపాలక సంస్థ, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) ప్లాను ఆమోదించేటప్పుడు పార్కింగును కొలిచినంత పట్టుగా డాబాను, సామాను గదిని కొలవాలి. టిడ్కో లబ్ధిదారు చేతికి తాళంచెవి ఇచ్చే రోజుకే ఆ కాలనీకి సిటీ బస్సు, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, తోపుడు బండ్లకు నీడ ఉండాలి. బుడమేరు దిగువన ఇకమీదట కట్టే ప్రతి బ్లాకులో కింది అంతస్తు స్తంభాల మీద ఖాళీగా ఉండాలి. వాన లేని రోజుల్లో అదే పిల్లలు ఆడుకునే చోటు, పెళ్లి పందిరి వేసుకునే చోటు అవుతుంది.