మా పేర్లు మేమే రాసుకునే రిజిస్టర్

వ్యవస్థాపక ప్రణాళిక

1919లో నిజాం సర్కారు ఒక చట్టం తెచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, వాళ్లుండే చోట్లు ఒక రిజిస్టర్‌లో ఎక్కించాలని అందులో రాశారు. నేరం రుజువు కానక్కర్లేదు, అనుమానం చాలు. ఒకసారి పేరెక్కిన మనిషి చీర కట్టుకుని, నగ పెట్టుకుని వీధిలో కనబడినా, నలుగురిలో పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు వేయొచ్చు. ఇంగ్లీషు దొరలు 1871లో నేరస్థ జాతుల చట్టంలో హిజ్రాల మీద పెట్టిన ఆంక్షల్లాంటివే ఇవి. సంస్థానం పోయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, ఆమెతో మరికొందరు దాని మీద హైకోర్టుకు వెళ్లారు. 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ఆ చట్టాన్ని కొట్టేశారు. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు అది విరుద్ధమన్నారు. ట్రాన్స్‌జెండర్లకూ ఆసరా పింఛన్లు ఇవ్వాలని, చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు ఏర్పాట్లు చేయాలని కూడా చెప్పారు. నూట నాలుగేళ్ల అవమానం ఆ రోజు కాగితం మీద నుంచి పోయింది. ఆ పని చేసినవాళ్ల పేర్లు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? మీ వీధిలో పదిమందిని అడిగి చూడండి.

అందుకే ఈ వేదిక. తెలుగు నేల మీద ఎల్జీబీటీ మనుషుల సమానత్వం కోసం పాటుపడినవాళ్లను వాళ్లు బతికుండగానే, వాళ్లు పెట్టుకున్న పేరుతోనే గౌరవించడం మా పని. మాలో హిజ్రాలున్నారు, ట్రాన్స్ స్త్రీలు, ట్రాన్స్ పురుషులు ఉన్నారు, గే, లెస్బియన్ మిత్రులున్నారు, తమకు ఏ పేరూ పెట్టుకోనివాళ్లు ఉన్నారు, బిడ్డ చెయ్యి వదలని తల్లిదండ్రులు కొందరున్నారు. వేదికకు పేరు ఇంకా పెట్టలేదు. తొలి సభలో అందరం కూర్చుని పెట్టుకుంటాం.

బతికుండగానే అని ఎందుకు నొక్కి చెబుతున్నామో వినండి.

కోస్తాలోని ఒక పట్టణంలో ఒక అమ్మ ఉండేది. హిజ్రాల గురువు కాబట్టి చేలాలు, అంటే శిష్యులంతా, అమ్మా అనేవాళ్లు. వయసు మీద పడ్డాక రైతుబజారులో కూరలమ్మేవాళ్లూ అలాగే పిలిచేవాళ్లు. ఆమె మంచం పక్కన మేకుకు ఒక గుడ్డసంచీ వేలాడుతూ ఉండేది. అందులో ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తిస్తూ 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పులో కొన్ని పేజీల జిరాక్స్, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి. ఒక నూలు చీర. ఒక దువ్వెన. ఒక బిస్కెట్ ప్యాకెట్. రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఫోను మోగేది. “అమ్మా, స్టేషన్ దగ్గర మన పిల్లలిద్దర్ని పట్టుకుపోయారు.” సంచీ భుజానేసుకుని ఆటో ఎక్కేది. చీర ఎందుకంటే, ఈడ్చుకొచ్చిన పిల్లల ఒంటిమీద బట్టలు సరిగ్గా ఉండవు. దువ్వెన ఎందుకంటే, జుట్టు పట్టుకునే ఈడుస్తారు. ముందు ఆ పిల్లలకు జడలు వేసేది, తర్వాతే ఎస్సై గారితో మాట్లాడేది. చిక్కుజుట్టుతో నిలబడితే నేరం చేసినట్టే కనబడతామే తల్లీ అనేది. ఆ కాగితాలు ఆమె చదవలేదు, చదువు రాదు. అయినా ఏ పేజీలో ఏ వాక్యం చూపించాలో అక్కడే వేలు పెట్టేది. ఎవరో లాయరు ఎర్ర పెన్నుతో గీసిచ్చారు.

ఆమె పోయినప్పుడు, ఇరవై ఏళ్లుగా గడప తొక్కనివ్వని అన్నదమ్ములు వచ్చారు. ఆసుపత్రి కాగితాల్లో పాత పేరే ఉంది, కాబట్టి శవాన్ని వాళ్లకే అప్పగించారు. జుట్టు కత్తిరించారు. పంచె కట్టి చొక్కా తొడిగారు. ఇంటి ముందు శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో నూనూగు మీసాల నాటి ఫొటో, కింద ఆమె ఎప్పుడో వదిలేసిన పేరు. చేలాలు పదకొండు మంది రోడ్డుకు అవతల కిళ్లీకొట్టు దగ్గర నిలబడ్డారు. పాడె దాటిపోతుంటే అందరికంటే చిన్నది చేతిలో పూలు విసరబోయింది. గొడవవుతుందని పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఆ సంచీ ఇప్పుడు మాలో ఒకరింట్లో ఉంది. దువ్వెన పళ్ల మధ్య ఎవరివో వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఆమెకు ఎవరూ ఎన్నడూ సన్మానం చేయలేదు. మేమూ చేయలేదు. ఆ తప్పు ఒప్పుకునే ఈ ప్రణాళిక మొదలుపెడుతున్నాం.

మేం నాయకత్వం అని దేన్ని అంటామో ఆ సంచీని బట్టి నిర్ణయించుకున్నాం. అర్ధరాత్రి ఎవరికి ఫోను చేస్తామో వాళ్లే నాయకులు. హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు మానేసిన పిల్లవాడి గది తలుపు కొట్టి, అన్నం తినిపించి, మాత్ర వేయించి వచ్చే పీర్ ఎడ్యుకేటర్ నాయకుడు. కలెక్టరేట్‌లో గుర్తింపు కార్డు దరఖాస్తు పట్టుకుని మూడుసార్లు తిప్పించుకుని నాలుగోసారి కూడా వెళ్లిన మనిషి నాయకురాలు. కొడుకు గే అని తెలిసి ఏడ్చి, మర్నాడు లేచి వాడికి ఇష్టమైన కూర వండి, ఆ తర్వాత అలాంటి మరో తల్లి ఇంటికి వెళ్లి కూర్చున్న అమ్మ కూడా నాయకురాలే.

పేరు తెచ్చుకున్నవాళ్లను తక్కువ చేస్తామని కాదు. వాళ్ల పేర్లు గట్టిగా చెప్పడం మాకు గర్వం. 2013లో హైదరాబాద్ రోడ్ల మీద మొదటి స్వాభిమాన యాత్ర నడిచినప్పుడు ముసుగు లేకుండా నడిచిన ప్రతి ముఖానికీ మేం రుణపడి ఉన్నాం. అప్పటికి స్వలింగ సంబంధాలను నేరమనే 377 సెక్షన్ పూర్తిగా పోలేదు, అవి నేరం కావని సుప్రీంకోర్టు చెప్పిన 2018 సెప్టెంబర్ 6 రావడానికి అయిదేళ్లుంది. ఆ యాత్ర జరిగిన ఏడాది డిసెంబర్‌లోనే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది కూడా. అయినా నడక ఆగలేదు. 2017లో ట్రాన్స్ కార్యకర్త రచన ముద్రబోయిన, ఆమె సహచరులు ‘ట్రాన్స్‌విజన్’ అనే యూట్యూబ్ చానల్ పెట్టి, మన గురించి మనమే చెప్పుకోవచ్చని చూపించారు. అప్పటిదాకా తెలుగు తెర మీద మనం కనబడితే అది ఎక్కువగా నవ్వించడానికే. 2018 ఎన్నికల్లో ట్రాన్స్ స్త్రీ చంద్రముఖి హైదరాబాద్‌లోని గోషామహల్ నుంచి శాసనసభకు పోటీ చేసింది. ఓట్ల లెక్క ఎవరికి కావాలంటే వాళ్లు చూసుకోవచ్చు. మా గుర్తులో ఉండేది, ఆ బ్యాలెట్ మీద ఆ పేరు ఉండడం. 2022 చివర్లో ట్రాన్స్ స్త్రీలు ప్రాచి రాథోడ్, రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్లుగా చేరారు. డాక్టరు గది బయట బెంచీ మీద కూడా కూర్చోనివ్వని రోజులు మాలో చాలామందికి ఇంకా మరుపు రాలేదు. అలాంటిది, కుర్చీలో మనవాళ్లు.

బయటి నుంచి వచ్చి తోడు నిలిచినవాళ్లూ ఉన్నారు. కథారచయిత్రి పి. సత్యవతి, హిజ్రా రచయిత్రి ఎ. రేవతి జీవితాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికే ఆమెకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన మీద జాలిగా రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మన మాటను మన మాటగానే తెలుగులో వినిపించినవాళ్లు తక్కువ. అందుకే మా జాబితాలో అలాంటి వారికీ చోటుంది.

హైదరాబాద్‌లో కాపురం ఉంటున్న సుప్రియో, అభయ్ అనే జంట పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కారు. దేశం మొత్తం ఆ కేసును సుప్రియో పేరుతోనే పిలుస్తోంది. 2023 అక్టోబర్ 17న కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. ఓడిన కేసుకు సన్మానమా అని ఎవరైనా అడగొచ్చు. అవును, చేస్తాం. గెలిచినవాళ్లకే దండ వేస్తామంటే పోరాటం మొదలుపెట్టేవాళ్లు మిగలరు.

ఇక, పేరు చెప్పలేనివాళ్ల సంగతి. ఇది మాకు అన్నిటికన్నా కష్టమైన భాగం. ఇంట్లోంచి వచ్చేసిన ఇద్దరమ్మాయిలను తెల్లవారుజామున బస్టాండ్‌లో దింపుకుని, తన ఒక్క గదిలో ఆరు నెలలు పెట్టుకున్న మనిషి పేరు మేం బయట చెబితే ఆ గది పోతుంది, ఆ ఉద్యోగం పోతుంది. మేజర్లయిన ఆడపిల్లల మీద కూడా తప్పిపోయారని కేసు పెట్టి, పోలీసు జీపులో వెనక్కి తీసుకుపోయే కుటుంబాలున్న చోట ఇది ఊహించిన భయం కాదు. లెస్బియన్ జంటలు, ట్రాన్స్ పురుషులు మన సభల్లో కనబడకపోవడానికి కారణం వాళ్లు లేకపోవడం కాదు. హిజ్రాలకు తమ సమూహం, జమాత్ ఉంది, మంచికో చెడుకో ఒక ఇల్లుంది. వీళ్లకు అదీ లేదు. కాబట్టి ఫొటో లేని సన్మానం, పేరు లేని సన్మానం కూడా చేస్తాం. వాళ్లు నమ్మిన ముగ్గురు నలుగురి మధ్య, వాళ్లు చెప్పిన చోట, వాళ్లు చెప్పిన వేళకు. ఎవరి సంగతీ వాళ్ల నోటితో సరేననకుండా ఒక్క అక్షరం బయటికి రాదు. ఈ నియమం తప్పినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా వేదికలో ఉండరు.

లోపలి మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. గురువైనంత మాత్రాన నాయకురాలు కాదు. దుకాణాలు అడిగి తెచ్చిన డబ్బంతా లాగేసుకుని, ఎదురు చెప్పిన చేలా మీద వేలకు వేలు దండుగ వేసే గురువులు మనలో ఉన్నారు. దళిత పిల్ల వండితే తినని ఇళ్లూ ఉన్నాయి. ఆపరేషన్ చేయించుకోనివాళ్లను నువ్వు అసలు మా మనిషివే కాదనే నోళ్లున్నాయి. బయట సమానత్వం అడుగుతూ లోపల ఇవి మోయలేం. ఎవరి పేరు వచ్చినా ముందు వాళ్ల చేలాలను, వాళ్ల కింద పనిచేసినవాళ్లను విడిగా అడుగుతాం. వాళ్లు తల అడ్డంగా ఊపితే ఆ పేరు అక్కడితో ఆగుతుంది.

ఎంపిక చేసేది మనవాళ్లే. ఎవరూ తమకు తాము దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. ఇంగ్లీషులో బయోడేటా అడగం. ఒకరు వచ్చి, ఆ అక్క నాకు ఇది చేసింది అని తెలుగులోనో, దక్కనీలోనో, తమ యాసలో చెబితే రికార్డు చేసుకుంటాం, అదే దరఖాస్తు. ఆ గొంతులన్నీ జాగ్రత్తగా దాస్తాం. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, అనంతపురం దాకా మన చరిత్ర ఇప్పటిదాకా ముసలివాళ్ల గొంతుల్లోనే ఉంది. ప్రతి వేసవికీ కొన్ని గొంతులు తగ్గిపోతున్నాయి.

సన్మానం శాలువాతో ఆగదు. శాలువా కప్పుకుని ఇంటికెళ్లి అద్దె కట్టలేక తల వంచుకునే పెద్దలను చూశాం. గౌరవంతోపాటు డబ్బు వాళ్ల ఖాతాలో పడాలి. ఖాతా లేకపోతే ముందు ఖాతా తెరిపిస్తాం. అరవై దాటినవాళ్లకు నెలనెలా ఎంతో కొంత పంపుతాం. ఆ డబ్బు ఎక్కడిది? మనదే. నెలకు యాభై రూపాయల చందాతో మొదలుపెడుతున్నాం. దాతలు వద్దని కాదు, ఒక్క చేతి మీద ఆధారపడొద్దని. 2021లో హైదరాబాద్‌లో మనకోసమే తెరిచిన మిత్ర్ క్లినిక్‌ను 2025 మొదట్లో అమెరికా సాయం ఆగిపోగానే మూసేయాల్సి వచ్చింది. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది, సంతోషం. కానీ ఆ మధ్య నెలల్లో ఎక్కడో సముద్రాల అవతల పడిన సంతకానికి ఇక్కడి మనవాళ్లు మూసిన తలుపు చూసి వెనక్కి తిరిగారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు ప్రభుత్వాలనూ మేం అడిగేది పెద్దదేమీ కాదు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల 2019 చట్టం కింద ఇచ్చిన గుర్తింపు కార్డులో ఏ పేరుంటే ఆసుపత్రిలో, మార్చురీలో, మరణ ధ్రువపత్రంలో ఆ పేరే రాయాలి. మా మనిషి అని ఎవరిని చూపించామో, గురువో, చేలానో, కలిసి బతికిన తోడో, శవాన్ని వాళ్లకు ఇవ్వాలి. రాష్ట్రాలు ఇచ్చే పురస్కారాల్లో మన పెద్దల పేర్లూ ఉండాలి. ప్రభుత్వాలు చేసేదాకా ఊరికే కూర్చోం. మేం గౌరవించిన ప్రతి మనిషికీ లాయరును కూర్చోబెట్టి వీలునామా, అంతిమ కోరిక రాయిస్తాం. తన మీద ఏ రంగు చీర కప్పాలో కూడా అందులో ఉంటుంది. కోర్టులో ఎంతవరకు నిలబడుతుందో లాయర్లు చూసుకుంటారు. కిళ్లీకొట్టు దగ్గర నిలబడ్డ పదకొండు మంది చేతిలో ఆ రోజు కనీసం ఒక కాగితం ఉండాల్సింది.

ఏటా, ఆ పాత చట్టం పోయిన జులై 6 మా రోజు. ఆ సభలో రాజకీయ నాయకులకు వేదిక మీద కుర్చీలుండవు. వస్తే సంతోషంగా ముందు వరసలో కూర్చోబెడతాం. వేదిక మీద ఒక చెక్కబల్ల, దాని మీద ఒక రిజిస్టర్. పాత చట్టం అడిగినట్టే అందులోనూ పేరు, ఊరు అనే గడులుంటాయి. మూడో గడి మేం చేర్చాం: ఎవరికి ఏం చేశారు. మొదటి పేజీ ఆ సంచీ అమ్మది, ఆమె పెట్టుకున్న పేరుతో. విసరలేకపోయిన పూలు తెచ్చి ఆ పేజీ దగ్గర పెట్టే పని ఆ చిన్నదానికి అప్పగించాం. ఆ తర్వాత ఎవరి పేరు వాళ్లే రాసుకుంటారు. రాయడం రాని పెద్దలు చెబుతుంటే పక్కన కూర్చున్న చేలా రాస్తుంది. రాసింది గట్టిగా చదివి వినిపిస్తుంది. తప్పుంటే దిద్దుతుంది. అవును, ఇది నేనే అని ఆ పెద్దావిడ ఒప్పుకున్నాకే వేలిముద్ర.