సోషల్ పాఠం బడి గేటు బయటే ఉంది

1953 అక్టోబర్ 1న ఏం జరిగింది? ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో హైస్కూలు పిల్లల్ని అడిగి చూడండి. ‘ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు రాజధాని’ అని టక్కున చెప్పేస్తారు. బిట్ కదా, నోటికొచ్చు. మరి ఆ రోజు మన ఊరికేమైంది అంటే చాలామంది నోరు మెదపరు. అప్పటిదాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ రోజే ఆంధ్రలోకి వచ్చాయి. ఎమ్మిగనూరు తాతలు కొందరు బళ్లారి జిల్లాలో పుట్టి, ఇల్లు కదలకుండానే కర్నూలు జిల్లా వాళ్లైపోయారు. భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు అంటే ఏమిటో, సగం వీధుల్లో కన్నడ కూడా వినిపించే ఈ ఊళ్ల పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

సోషల్ అంటే పిల్లలకు బోర్ అని అందరం అంటాం. పాఠాన్ని గైడ్‌లోని ప్రశ్నజవాబులకు కుదించేస్తే బోర్ కొట్టక ఏం చేస్తుంది?

పదో తరగతిలో పారిశ్రామికీకరణ పాఠం ఉంది. మాంచెస్టర్ మిల్లు గుడ్డ మన చేనేతను ఎలా దెబ్బతీసిందో చెబుతుంది. ఆ పాఠం చదివే ఎమ్మిగనూరు పిల్లల్లో కొందరి ఇళ్లలో మగ్గం చప్పుడు ఇంకా వినిపిస్తుంది. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నూలు ఎక్కడ కొన్నారు, చీర ఎవరికి అమ్మారు, సంఘం ఉన్నప్పుడు కూలి ఎంత, ఇప్పుడెంత? పిల్లలు ఒక ముసలి నేతగాణ్ని ఈ నాలుగు ప్రశ్నలడిగి ఫోన్‌లో రికార్డు చేసుకొస్తే మాంచెస్టర్ పాఠం సగం అర్థమైనట్టే. ఆదోని పిల్లలైతే పత్తి మార్కెట్ యార్డుకు ఒక పూట వెళ్తే చాలు. ధర ఎలా పలుకుతుందో, రైతు ఎందుకు గొణుక్కుంటూ వెళ్తాడో కళ్లారా చూస్తారు.

ఖర్చు పెద్దగా లేదు. ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లో తుంగభద్ర డ్యాం నుంచి మన దిగువ కాలువ ఎటు వస్తుందో ఉచితంగా చూడొచ్చు. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతులు ఎందుకంత కంగారుపడ్డారో మ్యాప్ చూస్తే తెలిసిపోతుంది.

‘సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు సార్?’ అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పదో తరగతిని వదిలేద్దాం, అక్కడ పబ్లిక్ పరీక్షల ఒత్తిడి ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఫార్మేటివ్ పరీక్షలకు ప్రాజెక్టు మార్కులు ఎలాగూ ఉన్నాయి. నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసి అతికించిన ప్రాజెక్టులకు ఇన్నాళ్లూ వేసిన మార్కులనే వీటికి వేస్తే సరిపోతుంది. అన్నట్టు, వినడం, లెక్క రాసుకోవడం, రెండు మాటల్లో తేడా పట్టుకోవడం రేపు గ్రూప్స్‌లోనైనా, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలోనైనా పనికొచ్చేవే.

అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది సుగ్గి నుంచి. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కదిలితే ఇక్కడి క్లాసుల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. పిల్లలు ఆగిపోకుండా సీజనల్ హాస్టళ్లు బాగా నడవాలి, అది ప్రభుత్వం పని. వెళ్లి తిరిగొచ్చిన పిల్లల్ని మాత్రం ‘ఇన్నాళ్లు ఎక్కడున్నావ్’ అని నిలబెట్టొద్దు. బోర్డు మీద మ్యాప్ గీసి, చాక్‌పీస్ వాళ్ల చేతికివ్వండి. ఏ దారిన వెళ్లారు, ఎక్కడ గుడిసె వేసుకున్నారు, అమ్మకు రోజుకు ఎంత ఇచ్చారు, ఇక్కడ పని ఎందుకు దొరకలేదు అన్నది వాళ్లనే చెప్పనివ్వండి. వలసల మీద ఆ రోజు క్లాసులో ఎవరూ ఆవులించరు.