అరవై దాటిన మిషనరీ దంపతులకు మేం రాసిన ఉత్తరం

కొన్నేళ్ల క్రితం మా మిషన్ కమిటీ నుండి ఒక ఉత్తరం వెళ్లింది. సిరోంచ అవతల, భామ్రాగడ్ దారిలోని అడవి పల్లెల్లో పరిచర్య చేస్తున్న ఒక వృద్ధ దంపతులకు రాసిన ఉత్తరమది. అయ్యగారికి అరవై ఐదు దాటాయనీ, మూడేళ్లుగా బాప్తిస్మాల సంఖ్య పెరగలేదనీ, కాబట్టి నెలనెలా పంపే సహాయాన్ని ఒక యువ సేవకునికి మళ్లిస్తున్నామనీ దాని సారాంశం. చివర్లో మీ కొరకు ప్రార్థిస్తున్నామని కూడా రాశాం. కింద ఉన్న మూడు సంతకాల్లో ఒకటి నాది. వారి పేర్లు ఇక్కడ రాయను, కమిటీ పేరూ రాయను. ఇలాంటి ఉత్తరం రాయని కమిటీ మనలో ఎన్ని ఉన్నాయో చెప్పండి.

ఉత్తరం పంపాక మనసు ఒప్పక నేనే బయలుదేరాను. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన పడ్డాక సిరోంచ మనకు దగ్గరైంది. ఒకప్పుడు పడవ కోసం రేవులో కాచుకు కూర్చోవలసి వచ్చేది. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర, బడిలో మరాఠీ, ఇంట్లో మాత్రం తెలుగు. అక్కడి నుండి ఆలపల్లి మీదుగా తూర్పుకు తిరిగితే తెలుగు తగ్గిపోయి మాడియా గోండుల మాట మొదలవుతుంది. అదీ మన భాషకు చుట్టమే. రెండుకు రండ్, నాలుగుకు నాలుంగ్, నీళ్లకు ఏర్. భామ్రాగడ్ దగ్గర ఇంద్రావతి, పాములగౌతమి, పర్లకోట నదులు కలుస్తాయి. వానాకాలంలో పర్లకోట పొంగి వంతెన మునిగితే ఊరికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోతుంది. ఇలా ఏటా జరిగేది.

ఆ అమ్మగారిది నా తల్లి వయసు. అయినా నన్ను "అయ్యగారూ" అనే పిలిచింది. ఉత్తరం సంగతి ఎత్తలేదు, మొదట అన్నం పెట్టింది. తిన్నాక పెద్దాయన ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందుంచాడు. అందులో బాప్తిస్మాల లెక్క లేదు. రేషన్ కార్డు కోసం ఎవరికి అర్జీ రాశాడు, కుల ధృవీకరణ పత్రం కోసం ఎవరి వెంట తహసీలు ఆఫీసుకు వెళ్లాడు, 2006 అటవీ హక్కుల చట్టం కింద ఎవరి పోడు భూమికి కాగితాలు సిద్ధం చేశాడు, అన్నీ రాసుకున్నాడు. అమ్మగారి పని ఆ పుస్తకంలో కూడా లేదు. నెలలు నిండిన ఆడవాళ్లను ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతుంది. నర్సు మరాఠీలో అడిగేదాన్ని మాడియాలో చెప్పి, వాళ్లు చెప్పుకోలేని బాధను మరాఠీలో చెబుతుంది.

బాప్తిస్మాలు ఎందుకు పెరగలేదని అడిగాను. సిగ్గు విడిచి అడిగాననే చెప్పాలి. ఆమె నవ్వింది. "అయ్యగారూ, మీ రిపోర్టు మార్చిలో అడుగుతరు. మార్చిల ఈడ ఎవరుంటరు? అందరూ మీ దిక్కే మిరపకాయలు ఏర పోతరు. ఆదివారం నేను, ఆయన, ఇద్దరు ముసలోళ్లు. గంతే సంఘం."

మనం తినే కారం వెనుక ఉన్న వలస ఇది. ఈ అడవుల నుండి ఏటా కుటుంబాలకు కుటుంబాలు తెలంగాణ మిరప చేలకు కూలికి వస్తాయి. మన సంఘాల పక్క చేలల్లోనే గుడారాలు వేసుకుని ఉంటాయి. వాళ్లు మన గడపలోకి వచ్చిన నెలల్లోనే, వాళ్లు ఊళ్లో లేరన్న కారణంతో వాళ్ల సేవకునికి సహాయం ఆపాం. ఆ చేలకు వెళ్లి వాళ్లను పలకరించిన సంఘాలు మనలో ఎన్ని?

వారికి దుఃఖం లేదని నేను చెప్పను. వాళ్లు చదివించిన ఒక కుర్రవాడు పట్నం వెళ్లి మళ్లీ ఊరి ముఖం చూడలేదు. అది ఆయన రెండుసార్లు చెప్పాడు. కన్నబిడ్డలు ఇద్దరూ హైదరాబాదులో ఉన్నారు, రమ్మంటున్నారు. తమ బాల్యాన్ని అడవికి అర్పించారని వాళ్లకు కొంచెం కోపం కూడా ఉందట. ఆ కోపం న్యాయమైనదే అంటాను. మిషనరీ పిల్లల త్యాగం గురించి వేదిక మీద కన్నీళ్లతో చెబుతాం. ఆ పిల్లలను మాత్రం ఎవరూ అడగరు.

ఇదే భామ్రాగడ్ తాలూకాలో హేమలకస ఉంది. 1973 డిసెంబర్ 23న బాబా ఆమ్టే అక్కడ లోక్ బిరాదరీ ప్రకల్ప్ ప్రారంభించారు. దాన్ని భుజాన వేసుకున్నది ఆయన కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని. ఇద్దరూ డాక్టర్లు. ప్రకాశ్‌గారికి అప్పటికి పాతికేళ్లు, శస్త్రచికిత్సలో పై చదువు వదులుకుని వచ్చారు. మందాకినిగారిది మత్తుమందు విభాగం. రోడ్డు లేదు, కరెంటు లేదు. తెల్లబట్టల డాక్టర్లను చూసి జనం అడవిలోకి పారిపోయేవారు. వీళ్లు ముందు మాడియా భాష నేర్చుకున్నారు. ఒంటి మీద సరైన గుడ్డ లేని ప్రజల మధ్య నిండుగా దుస్తులు వేసుకోలేక ప్రకాశ్‌గారు నిక్కరు, బనియనుతో ఉండిపోయారు. ఒక్కో రోగి బాగై ఊరికి తిరిగి వెళ్లాడు, ఆ కబురు పాకింది, అప్పుడు జనం వచ్చారు. 1976లో బడి పెట్టారు. ఆ బడిలో చదివిన మాడియా పిల్లల్లో డాక్టర్లయినవారూ ఉన్నారు.

వారు క్రైస్తవులు కారు. వారిని మన ఖాతాలో వేసుకోవడం అన్యాయం. వారి గురించి మాట్లాడుతున్నది ఒకే కారణానికి. ఆ దంపతులు అక్కడే ముసలివారయ్యారు. యౌవనంలో కొన్నేళ్లు సేవ చేసి సాక్ష్యం చెప్పుకోవడం వేరు, ఒకే జనం మధ్య జుట్టు నెరవడం వేరు. 2022లో ప్రకాశ్‌గారికి రక్త క్యాన్సర్ అని తేలి పుణెలో చికిత్స చేశారు. పని మాత్రం ఆగలేదు, కొడుకులు, కోడళ్లు అప్పటికే దాన్ని అందుకున్నారు. పెద్దవాళ్లను పంపించేసి చిన్నవాళ్లను తేలేదు, పెద్దవాళ్లు ఉండగానే చిన్నవాళ్లు వచ్చి పక్కన నిలబడ్డారు. మా కమిటీ అయితే ఈపాటికి ఆయనకు శాలువా కప్పి పంపేసేది.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా పట్టుకుంది. 2002లో పద్మశ్రీ ప్రకాశ్‌గారికి వచ్చింది. 2008లో రామన్ మెగసెసే అవార్డు మాత్రం ఇద్దరికీ కలిపి ఇచ్చారు. అది చదివాక మా మిషన్ రిజిస్టరు తీసి చూశాను. సేవకుని పేరు, వయసు, క్షేత్రం, నెలకు ఇంత. భార్య పేరుకు గడే లేదు. ముప్పై ఏళ్లు ప్రసవాలకు తోడు వెళ్లిన స్త్రీ మా కాగితాల్లో "అయ్యగారు మరియు కుటుంబం". ఆయన రేపు ప్రభువు దగ్గరికి వెళితే ఆమెకు ఇల్లు ఉండదు, నెల జీతం ఉండదు, పింఛను అనే మాటే ఉండదు. సమాధి కార్యక్రమం ముగిసిన కొద్ది రోజులకే ఇల్లు ఖాళీ చేయమన్న సందర్భాలు నాకు తెలుసు, చదివే మీకూ తెలుసు. విధవరాండ్రను గూర్చిన వాక్యాలు చాలానే ప్రసంగిస్తాం. పౌలు తన సహకారుల్లో అకులతో పాటు ప్రిస్కిల్లను పేరు పెట్టి చెప్పాడు, చాలా చోట్ల ఆమె పేరే ముందు. రెండు వేల ఏళ్ల తర్వాత మనం రిజిస్టరులో ఒక గడి గీయలేకపోయాం.

ఫలితం లేదని పరిచర్యను మూసేయాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశంలో 1836లో సామ్యుల్ డేతో పని మొదలుపెట్టారు. దాదాపు పదిహేడేళ్లకు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే విశ్వాసులు. మూసేద్దామని బోర్డు ఒకటికి రెండుసార్లు చర్చించింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థించినవారిలో లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, వారితో నెల్లూరు జూలియా ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ కథను మనం ఎప్పుడూ ఆ అంకె కోసమే చెప్పుకుంటాం. నాకిప్పుడు అలా చెప్పడం ఇష్టం లేదు. ఆ అంకెకు ముందు 1876 నుండి రెండేళ్ల కరువు ఉంది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు కూలి ఇప్పించాడు. మార్చి రిపోర్టులో దానికీ గడి ఉండేది కాదు.

యువతీ యువకులారా, వేసవి సెలవుల్లో వారం రోజుల మిషన్ యాత్రకు వెళ్లి ఫోటోలు పెడుతున్నారు. వెళ్లండి, తప్పు లేదు. అయితే ఒక వానాకాలం వెళ్లి ఉండండి. ఆ ముసలివారి దగ్గర భాష నేర్చుకోండి, అర్జీలు రాయడం నేర్చుకోండి. ఆయనకు చూపు తగ్గింది, కాగితాలు చదివి పెట్టేవారు కావాలి. ఏ గుమాస్తా ఏ రోజు సీట్లో ఉంటాడో ఆయనకు తెలిసినట్టు మన సెమినరీలో చదివిన ఎవరికీ తెలియదు, నాతో సహా.

ఆపిన సహాయాన్ని తిరిగి ఇవ్వాలనీ, ఇకపై సగం అమ్మగారి పేరు మీదనే ఆమె బ్యాంకు ఖాతాలో వేయాలనీ వచ్చే నెల కమిటీ ముందు పెడుతున్నాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒకరు అప్పుడే ఫోన్ చేసి, ఇలా మొదలుపెడితే అందరూ అడుగుతారని అన్నారు. అడగనివ్వండి అన్నాను.

బయలుదేరేటప్పుడు మళ్లీ వచ్చేటప్పుడు ఏం తేవాలని అమ్మగారిని అడిగాను. డబ్బు అడుగుతుందేమో అనుకున్నాను. ఆయన కళ్లద్దాల నంబరు రాసిన చీటీ ఇచ్చింది. తనకు మాత్రం టార్చిలైటుకు నాలుగు సెల్లులు చాలంది. కాన్పులు రాత్రిళ్లే వస్తాయట.