పక్షవాతం: తీగ పెట్టి గడ్డ తీయించాలా?

"బాబూ! తొడ కాడ నుంచి తీగ పెట్టి మెదడులో గడ్డ లాగేత్తారంట గదా! మా అయ్యకి అది అక్కర్లేదంటన్నారు. డబ్బుల్లేనోళ్లమనా బాబూ? ఎకరం అమ్మేత్తాను. నువ్వో మాట సెప్పు!"

రాత్రి తొమ్మిది గంటలకు విశాఖపట్నం నుంచి ఒక రైతు ఫోనులో నాతో అన్న మాటలివి. ఆ రోజు మధ్యాహ్నమే అతని తండ్రిని నర్సీపట్నంలో చూసి, స్కానింగు కోసం అక్కడికి పంపించాను. ఉదయం ఆరు గంటలకు టీ తాగుతుండగా ఆ పెద్దాయన చేతిలోంచి గ్లాసు జారిపోయింది. మూతి వంకర పోయింది. మాట ముద్దగా వచ్చింది. "గాలి సోకింది" అని ఇరుగుపొరుగువారు పావురాన్ని కోసి, ఆ రక్తంతో చెయ్యి మర్దన చేశారు. నా దగ్గరికి తెచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది.

ఆ కొడుకు అడిగిన ప్రశ్న రేపు మీ ఇంట్లోనూ రావచ్చు. అందుకే ఈ వారం దాని గురించి వివరిస్తాను.

పెద్ద కాలువ, పిల్లకాలువ

పక్షవాతం గాలి వల్ల రాదు. మెదడుకు రక్తం తీసుకువెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడడం వల్ల గాని, నాళం చిట్లడం వల్ల గాని వస్తుంది. గడ్డ వల్ల వచ్చేదే ఎక్కువ.

మా ప్రాంతంలో తాండవ రిజర్వాయరు కాలువలు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పెద్ద కాలువ పూడితే ఆయకట్టు అంతా ఎండుతుంది. పిల్లకాలువ పూడితే దాని కింది మడి ఎండుతుంది. మెదడులోనూ అంతే. పెద్ద నాళాలు సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. వాటి కొమ్మలు 2 మిల్లీమీటర్ల నుంచి ముప్పావు మిల్లీమీటరు వరకు సన్నబడతాయి.

తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, చిన్న వలతో గడ్డను పట్టి లాగడమో, పీల్చి తీయడమో చేస్తారు. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు ఇది నిజంగా గొప్ప చికిత్స. 2015లో వెలువడిన అయిదు పరిశోధనలు దీన్ని రుజువు చేశాయి. వాటిలో నెదర్లాండ్స్‌లో 500 మందిపై జరిగినదాన్ని చూడండి. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవారు, గొట్టం చికిత్స పొందినవారిలో నూటికి 33 మంది. పొందనివారిలో 19 మంది.

మరి చిన్న నాళాల్లో?

పెద్ద కాలువ పూడిక తీసిన పారనే పిల్లకాలువలో దింపితే గట్టు తెగవచ్చు. 2025 ఫిబ్రవరిలో రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాయి. రెండింటిలోనూ కలిపి వెయ్యిమందికి పైగా రోగులున్నారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారి కన్నా, దానితోపాటు గొట్టం కూడా వేయించుకున్నవారు ఎక్కువగా కోలుకోలేదు. ఒక పరిశోధనలో బాగా కోలుకున్నవారు గొట్టం వేసినవారిలో నూటికి 42 మంది, వేయనివారిలో 43 మంది. పైగా మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం గొట్టం వేసినవారిలో రెట్టింపుకు పైగా కనిపించింది.

అయితే పెద్ద నాళానికి దగ్గరగా ఉన్న కొన్ని కొమ్మల విషయంలో, స్కాను చూసి నిపుణులు వేరే నిర్ణయం తీసుకోవచ్చు.

ఆ పెద్దాయనకు మూసుకున్నది చిన్న కొమ్మే. "నాయనా, డబ్బు లేక కాదు, దానివల్ల లాభం లేకనే వద్దంటున్నారు. పొలం అమ్మకు" అని చెప్పాను. కాని ఇంకో మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. అది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఆ గంటలు పావురం రక్తంతో గడిచిపోయాయి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని అంచనా.

మీరు చేయవలసినవి

మూతి వంకరపోయినా, చెయ్యి గాని కాలు గాని పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చేయండి. స్కానింగు, ఈ ఇంజెక్షను రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళమనండి. నర్సీపట్నం నుంచి విశాఖపట్నం సుమారు 80 కిలోమీటర్లు. దారిలోనే రెండు గంటలు పోతాయని గుర్తుంచుకోండి.

రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయం కాగితం మీద రాసి డాక్టరుకివ్వండి. వాడుతున్న మందుల చీటీ తీసుకువెళ్ళండి.

నోట్లో నీళ్ళు గాని, మందు గాని పోయకండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆస్పిరిన్ సొంతంగా ఇవ్వకండి. నాళం చిట్లి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగున్నర గంటలు దాటినా ఆశ వదులుకోకండి. పెద్ద నాళం మూసుకుంటే కొందరికి 24 గంటల వరకు గొట్టం చికిత్స చేయవచ్చు. అది ఎవరికి పనికివస్తుందో స్కాను చూసి తేల్చాలి.

ఆ పెద్దాయన మాత్రలు వాడుతూ, రోజూ వ్యాయామం చేస్తూ మూడు నెలలకు ఎడమ చేతి సాయంతో గ్లాసు పట్టుకోగలిగాడు. ఆ ఉదయం ఏడు గంటలకే బయలుదేరి ఉంటే, కుడి చేత్తోనే పట్టుకునేవాడేమో!