మన కోపం ఎవరి మీద పడుతోంది?

పల్లెకొచ్చే పెద్దమనుషులు మనకి చెప్పే మాట ఒకటే: 'మీకు కోపమెక్కువ, తగ్గించుకోండి.' బడిలో మన పిల్లలకీ అదే మాట. ఆ కోపం ఎక్కణ్ణించి వచ్చిందని మాత్రం అడగరు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినవాళ్ళం మనం. కోపం రాకపోతేనే మనకేదో జబ్బు చేసినట్టు.

కానీ అన్నలారా, అక్కలారా, ఒక సంగతి మనలో మనం మాట్లాడుకోవాలి. ఆసామి మీద వచ్చిన కోపం ఆసామి దాకా పోతోందా? బ్రాందీషాపులో సగం దిగుతోంది. మిగతా సగం ఇంటికొచ్చి ఆడమనిషి వీపు మీద పడుతోంది. ఆమె కోపం బిడ్డ మీద, ఆ బిడ్డ కోపం చెల్లెలి మీద. ఊళ్ళో పుట్టిన కోపం పల్లెలోనే తిరుగుతూ మనల్నే కొడుతోంది.

మేము ఆదివారాలు పిల్లల చేత బొమ్మలు గీయిస్తున్నాం. ఖర్చు లేదు. పొయ్యిలో బొగ్గు, సున్నం, జాజు, పాత క్యాలెండర్ల వెనక వైపు. 'నీకు కోపమొచ్చిన రోజు గీయి' అంటాం. మార్కులు వెయ్యం. ఒక పిల్లోడు కాగితం నిండా నాన్న చెయ్యి, చేతిలో కర్ర గీశాడు. 'ఆ పొద్దున నాన్న ఎక్కడున్నాడు?' అని అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక మూల చిన్నగా అరుగు గీశాడు. అరుగు మీద కుర్చీ, కింద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషి. ఉత్తగా అడిగితే ఎన్నటికీ చెప్పేవాడు కాదు. ఒక్క జాగ్రత్త: పిల్లలు ఒప్పుకోందే ఆ బొమ్మలు ఇంట్లో చూపించొద్దు. మళ్ళీ దెబ్బలు తినేది వాళ్ళే.

డప్పు సంగతి ఇంకా పాతది. ఊరి చావుకీ ఊరి జాతరకీ మన చేత వెట్టికి కొట్టించారు. చదువుకున్నాక సిగ్గుపడి దాన్ని అటకెక్కించినవాళ్ళు మనలోనే ఉన్నారు. 1994లో దండోరా ఆ డప్పునే పట్టుకుని రోడ్డెక్కింది. డప్పుని మంట దగ్గర కాస్తేనే పలుకుద్ది, మరీ కాస్తే తోలు పగుల్తుంది. నలుగురూ ఒకే దరువు కొట్టాలంటే పక్కవాడి దెబ్బ వినాలి. లోలోపలే ఉడికిపోయే కుర్రాడికి అది పెద్ద పనే.

బొమ్మలూ పాటలూ పెట్టి పోరాటాన్ని చల్లారుస్తున్నారని కొందరు కార్యకర్తలంటున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో గుర్తు చేసుకోమంటాం. అక్షరాస్యత తరగతుల్లో చదివిన కథల్లో, కళాజాతాల నాటికల్లో కూలి చేసుకునే ఆడవాళ్ళకి తమ ఇళ్ళే కనపడ్డాయి. అప్పటిదాకా మొగుణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నవాళ్ళు సారా దుకాణాల మీదికి నడిచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

అయితే వాళ్ళ మాటలోనూ కొంత నిజముంది. డప్పు కొట్టి, ఒళ్ళు తేలికపడి పడుకుంటే ఆసామికే లాభం. అందుకే గీశాక మాట్లాడుకోవాలి. అరుగు మీద కుర్చీలో ఉన్నదెవరో పేరు చెప్పుకోవాలి. నలుగురిలో కులం పేరు పెట్టి తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, కేసు పెట్టించాలి.

ఈ ఆదివారమే మీ పల్లెలో మొదలుపెట్టండి. పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టండి, తాగొచ్చి కొట్టేవాళ్ళని ముందు వరసలో. బొగ్గుముక్క చేతికిస్తే మొదట నవ్వుతారు. నవ్వనీయండి.